తలకట్టు ధర 35 డాలర్లు!

చిన్నప్పుడు పలక మీద 'క' దిద్దుతూ నెత్తిన ఓ టిక్కు పెట్టేవాళ్లం, గుర్తుందా? అదేనండీ, తలకట్టు! దాదాపు అలాంటి టిక్కునే కాస్త పడుకోబెట్టి గీసినందుకు 1971లో అమెరికాలో ఓ అమ్మాయికి 35 డాలర్లు ముట్టాయి. ఆ టిక్కే నైకీ గుర్తు! మనమేమో నోటు పుస్తకాలకు నోటు పుస్తకాలు ఊరికే గీసి పారేశాం. సరే, జరిగిందేదో జరిగింది. ప్రకటనల లోకంలో ఎవరు ఏం గీశారో, ఎంత బిల్లు వేశారో చూద్దాం రండి. ఒక్క హెచ్చరిక: 35 అనే సంఖ్య మీద ఓ కన్నేసి ఉంచండి. అది మనల్ని వదిలేలా లేదు!

లోగోల లోగుట్టు

ఆ అమ్మాయి పేరు కరొలిన్ డేవిడ్‌సన్. పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థిని. గంటకు 2 డాలర్ల లెక్కన పదిహేడున్నర గంటల కూలి అది. కంపెనీ యజమాని ఫిల్ నైట్‌కి ఆ గుర్తు మొదట్లో అంతగా నచ్చనే లేదు! 1983లో మాత్రం పిలిచి కంపెనీ షేర్లు, ఆ టిక్కు ఆకారంలో వజ్రం పొదిగిన ఉంగరం ఇచ్చారు. పన్నెండేళ్లకు పండిన చీటీ అంటే ఇదీ!

పసుపు పచ్చ గుండ్రటి నవ్వు మొహం గీయడానికి ఎంతసేపు పట్టిందో మీకు తెలుసా? పది నిమిషాలు! 1963లో ఓ బీమా కంపెనీ తన ఉద్యోగులను కాస్త నవ్వించమని అడిగితే హార్వీ బాల్ గీసిచ్చాడు. బిల్లు 45 డాలర్లు. హక్కులు రిజిస్టర్ చేయించుకోలేదు. ఆ తర్వాత ప్రపంచమంతా నవ్వింది... ఆయన ఖర్చుతో!

న్యూయార్క్ మీద ప్రేమను ఎర్రటి హృదయం బొమ్మతో చెప్పే టీషర్టు చూసే ఉంటారు. 1970ల్లో మిల్టన్ గ్లేజర్ దాన్ని ఎక్కడ గీశాడో మీకు తెలుసా? టాక్సీ వెనక సీట్లో, ఓ కవరు మీద, ఎర్ర క్రేయాన్‌తో! బిల్లు? సున్నా. ఊరికి కానుకగా ఇచ్చేశాడు. ఆ కవరు ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. మన ఇంట్లో కవర్ల వెనక కిరాణా పద్దులు తప్ప ఏమున్నాయి చెప్పండి!

లక్ష డాలర్లు తీసుకుని ఒకే ఒక్క డిజైన్ చూపించిన మహానుభావుడు తెలుసా? పాల్ రాండ్! 1986లో స్టీవ్ జాబ్స్ తన నెక్స్ట్ కంపెనీ లోగో కోసం వెళ్తే, ఒకటే గీస్తాను, నచ్చితే వాడుకో, డబ్బు మాత్రం ఇవ్వాల్సిందే అన్న ధోరణిలో మాట్లాడాడట. ఒకే సంబంధం తెచ్చి, కట్నం ముందే వసూలు చేసిన పెళ్లిళ్ల పేరయ్య!

సిటీ బ్యాంకు ఎర్ర గొడుగు లోగో పుట్టింది టిష్యూ కాగితం మీద! 1998లో మొదటి మీటింగులోనే పౌలా షేర్ నాలుగు గీతల్లో దాన్ని గీసి చూపింది. బ్యాంకుకైన ఖర్చు పదిహేను లక్షల డాలర్లని చెబుతారు. మనమైతే బజ్జీ నూనె అద్దుకుని బుట్టలో పడేసేవాళ్లం.

ఆపిల్ కంపెనీ మొదటి లోగోలో కొరికిన పండు లేదు. చెట్టు కింద కూర్చున్న న్యూటన్ ఉన్నాడు! 1976లో దాన్ని గీసిన రోనాల్డ్ వేన్ ఆ కంపెనీలో పది శాతం వాటాదారు. పన్నెండు రోజులకే భయపడి తన వాటాను 800 డాలర్లకు వదులుకున్నాడు. పండు న్యూటన్ నెత్తిన పడలేదు, ఈయన నెత్తిన పడింది!

మరి ఆ పండుకు గాటు ఎందుకో మీకు తెలుసా? కొరకకపోతే చిన్న సైజులో చెర్రీ పండులా కనిపిస్తుందట! 1977లో గీసిన రాబ్ జానాఫ్ చెప్పిన సంగతి ఇది. ఎంగిలి పండుకు ఇంత మర్యాద దక్కడం శబరి తర్వాత ఇక్కడే!

ఫెడెక్స్ బండి మీద ఇంగ్లిష్ అక్షరాలు ఎప్పుడైనా నిదానంగా చూశారా? 'ఇ'కి, 'ఎక్స్'కి నడుమ ఖాళీలో తెల్ల బాణం దాక్కుని ఉంది! 1994లో లిండన్ లీడర్ పెట్టిన కిటుకు అది. ఇక మీ పని అయిపోయింది. ఈ జన్మలో ఆ బాణం కనపడకుండా ఉండదు.

టోబ్లరోన్ చాక్లెట్ అట్ట మీది కొండలో ఎలుగుబంటి నిలబడి ఉందని తెలుసా? ఆ చాక్లెట్ పుట్టిన బెర్న్ నగరానికి ఎలుగుబంటే చిహ్నం. చాక్లెట్ తింటూ చూడండి. తిన్నాక అట్ట నలిపేస్తే ఎలుగుబంటి హత్య కింద లెక్క!

చుపా చుప్స్ లాలీపాప్ లోగోను గీసింది ఎవరో చెప్పుకోండి చూద్దాం. కరిగిపోయే గడియారాలు గీసిన సాల్వడార్ డాలీ! 1969లో. గుర్తు పక్కన కాదు, మిఠాయి నడినెత్తిన ఉండాలని పట్టుబట్టిందీ ఆయనే. ప్రపంచ ప్రఖ్యాత చిత్రకారుడి పని... చప్పరించి పారేశాం!

2021లో కియా కార్ల లోగో మారింది. జనం దాన్ని 'కె.ఎన్' అని చదివి, ఈ 'కె.ఎన్' కారు ఎక్కడ దొరుకుతుందని ఇంటర్నెట్‌లో వెతకడం మొదలుపెట్టారు! మన పెనుకొండ వాళ్లను అడిగితే సరిపోయేది. వాళ్ల ఊరి పక్కనే తయారవుతోందిగా!

పాత చింతకాయ పచ్చడి

ప్రపంచంలో ఇప్పటికి దొరికిన అచ్చు ప్రకటనల్లో అతి పాతవాటిలో ఒకటి దేని గురించో మీకు తెలుసా? సూదుల గురించి! చైనాలో సాంగ్ వంశం కాలం నాటిది. జినాన్ ఊళ్లోని లియూ వారి సూదుల దుకాణం రాగి పలక మీద రోకలి పట్టుకున్న తెల్ల కుందేలు బొమ్మ చెక్కించి అచ్చు వేసింది. దాదాపు వెయ్యేళ్ల కిందటే లోగో, అడ్రసు, నాణ్యత హామీ... అన్నీ! టోకున కొనేవాళ్లకు డిస్కౌంట్ కూడా!

ఇంగ్లిష్‌లో అచ్చయిన తొలి ప్రకటన 1477 నాటిది. విలియం కాక్స్‌టన్ తన పుస్తకం అమ్ముకోవడానికి అరచేయంత కాగితం అచ్చువేసి అంటించాడు. కింద లాటిన్‌లో ఓ విన్నపం: దయచేసి దీన్ని చింపకండి! అయిదు వందల ఏళ్లు దాటింది. గోడకు, చింపేవాడికి మధ్య ఒప్పందం ఇంకా కుదరలేదు.

మన దేశంలో తొలి వార్తాపత్రిక 1780 జనవరి 29న కలకత్తాలో పుట్టింది. హిక్కీ దొరగారి బెంగాల్ గెజిట్. దాని పూర్తి పేరులోనే 'జనరల్ అడ్వర్టయిజర్' ఉందని మీకు తెలుసా? అంటే ప్రకటనల మధ్య వార్తలు ఇరికించే పద్ధతి నిన్నా మొన్నటిది కాదన్నమాట!

కోకా కోలా అనే ఒంపుల రాత ఎవరిదనుకున్నారు? పెద్ద చిత్రకారుడిది కాదు, లెక్కలు రాసే గుమస్తాది! ఫ్రాంక్ రాబిన్‌సన్, 1886. పేరు పెట్టిందీ ఆయనే, రాసిందీ ఆయనే. చిట్టా ఆవర్జాలు రాసే చేయి ఒక్కసారి మెలిక తిరిగితే ఇంత పనైంది!

1915లో ఆ కంపెనీ సీసా కోసం పోటీ పెట్టింది. షరతు ఏమిటో తెలుసా? చీకట్లో తడిమినా, పగిలి ముక్కలుగా పడి ఉన్నా ఫలానా సీసా అని తెలిసిపోవాలి! గెలిచినవాళ్లు విజ్ఞాన సర్వస్వంలో బొమ్మ చూసి ఆ ఒంపులు తెచ్చారు. తీరా చూస్తే అది చాక్లెట్ తయారుచేసే కోకో కాయ బొమ్మ. దానికీ ఈ పానీయానికీ సంబంధమే లేదు! పేజీ పొరపాటు, ప్రపంచ ప్రఖ్యాతి!

సెలవు పెట్టకపోతే లాభమేమిటో తెలుసా? 1894 డిసెంబరు, పారిస్. నటి సారా బెర్న్‌హార్ట్‌కు ఉన్నపళంగా నాటకం పోస్టరు కావాలి. ఆర్టిస్టులంతా పండక్కి ఊళ్లకెళ్లారు. ప్రెస్సులో మిగిలింది అల్ఫోన్స్ మ్యూకా ఒక్కడే. ఆయన గీసిన పోస్టరు గోడెక్కిందో లేదో, ఊరంతా గగ్గోలు. ఆవిడ ఆరేళ్లకు ఒప్పందం రాయించుకుంది. మీ ఆఫీసులో ఈ కథ మాత్రం చెప్పకండి, సంక్రాంతి సెలవులకు గండం!

మిషెలిన్ టైర్ల మనిషి తెల్లగా ఎందుకు ఉంటాడో మీకు తెలుసా? 1898లో అతను పుట్టేనాటికి టైర్లు నల్లగా ఉండేవి కావు మరి! రబ్బరులో నల్ల మసి కలపడం తర్వాతి ముచ్చట. టైర్లు నల్లబడ్డాయి, ఆయన మాత్రం ఫెయిర్‌నెస్ క్రీము రాసుకున్నట్టు అలాగే ఉండిపోయాడు.

అదే కంపెనీ 1900లో ఓ గైడు పుస్తకం ఉచితంగా పంచింది. అప్పటికి ఫ్రాన్స్‌లో కార్లు మూడు వేలకు అటూ ఇటూ. వేసిన ప్రతులు ఎన్నో తెలుసా? 35,000! కారుకు పదకొండు పుస్తకాలు! జనం ఊళ్లు తిరిగితే టైర్లు అరుగుతాయి, అరిగితే కొంటారు. అదీ ఎత్తు. (35... గమనించారా?)

వేలు చూపిస్తూ సైన్యంలో చేరమనే అంకుల్ శామ్ పోస్టరు 1917 నాటిది. ఆ మొహం ఎవరిదో మీకు తెలుసా? గీసిన జేమ్స్ ఫ్లాగ్‌దే! మోడల్‌ను వెతకడమెందుకని అద్దంలో చూసుకుని, కాస్త వయసు పెంచి, గడ్డం తగిలించాడు. నలభై లక్షలకు పైగా ప్రతులు అచ్చయ్యాయి. సెల్ఫీల రాజు ఈయన కాక ఇంకెవరు!

'కంగారు పడకుండా పని చూసుకోండి' అని చెప్పే ఎర్రటి బ్రిటిష్ పోస్టరును 1939లో ఇరవై నాలుగున్నర లక్షల ప్రతులు వేశారు. గోడెక్కినవి ఎన్ని? లేవనే చెప్పాలి! దాదాపు అన్నీ గుజ్జయిపోయాయి. 2000లో ఓ పాత పుస్తకాల కొట్టులో, అట్టపెట్టె అడుగున ఒకటి బయటపడింది. ఆ తర్వాత ప్రపంచంలో అది ఎక్కని కాఫీ కప్పు లేదు. అరవై ఏళ్లు కంగారు పడకుండా కూర్చుంది మరి!

హాలీవుడ్ కొండ మీది పెద్ద అక్షరాలు సినిమా కోసం పెట్టినవి కావని తెలుసా? రియల్ ఎస్టేట్ బోర్డు అది! 1923లో 'హాలీవుడ్‌ల్యాండ్' అని ప్లాట్లు అమ్ముకోవడానికి, 4,000 బల్బులతో, పద్దెనిమిది నెలల కోసం పెట్టారు. 'ల్యాండ్'ను 1949లో తీసేశారు, మిగతాది ఉండిపోయింది. మన ఊరి పొలిమేరలోని వెంచర్ బోర్డులను చులకనగా చూడకండి!

పారిస్ ఈఫిల్ టవర్ కూడా ఓ కాలంలో హోర్డింగే! 1925 నుంచి 1934 దాకా దాని ఒళ్లంతా రెండున్నర లక్షల బల్బులతో సిట్రోయెన్ కార్ల పేరు వెలిగింది. కరెంటు బిల్లు తలచుకుంటేనే షాక్!

టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం పుట్టింది దేనికో తెలుసా? 1903లో లోటో అనే పత్రిక తన ప్రతులు అమ్ముకోవడానికి! ముందున్న వీరుడు వేసుకునే జెర్సీ పసుపు పచ్చన ఎందుకంటే, ఆ పత్రిక కాగితం పసుపు పచ్చన. అదృష్టవంతులు, కాగితం గళ్లగళ్లది కాదు!

మన దేశం ముచ్చట్లు

బ్రిటిష్ కాలంలో మాంచెస్టర్ నుంచి వచ్చే తానుల మీద అంటించిన రంగుల చీటీల్లో ఎవరుండేవారో మీకు తెలుసా? లక్ష్మీదేవి, కృష్ణుడు, హనుమంతుడు! గుడ్డ సీమది, దేవుడు మనవాడు. ఆ చీటీలను జనం పటం కట్టించుకున్న ఇళ్లూ ఉన్నాయి. గుడ్డ చిరిగినా భక్తి చిరగలేదు.

లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించిన తొలి భారతీయ తార లీలా చిట్నిస్. ఏడాది 1941. అప్పట్నుంచి తారలు మారుతున్నారు, సబ్బు అరుగుతోంది, పేరు మాత్రం అరగలేదు!

ఎయిరిండియా మహారాజు బొమ్మ 1946లో ఎందుకు పుట్టిందో మీకు తెలుసా? విమానంలో ఇచ్చే చిన్న రైటింగ్ ప్యాడ్ కోసం! బాబీ కూకా ఆలోచన, ఉమేష్ రావు గీత. కాగితం మూల నిలబడ్డ పెద్దమనిషి తర్వాత విమానాలనే ఏలాడు. దేశంలో సంస్థానాలు విలీనమైపోయినా గద్దె దిగని రాజు ఈయనొక్కడే!

ఏషియన్ పెయింట్స్ డబ్బా మీద ఒకప్పుడు కనిపించిన అల్లరి పిల్లాడు గట్టును 1954లో గీసింది ఎవరో తెలుసా? కామన్ మ్యాన్‌ను గీసిన ఆర్.కె. లక్ష్మణే! పేరు కోసం 500 రూపాయల బహుమతితో పోటీ పెడితే 47,000 మంది రాశారు. ఇద్దరు ఒకే పేరు పంపారు. మన ఇళ్లలో బారసాలకు పదిమంది మేనత్తలు ఒక్క పేరు మీదికి రారు కదా!

అమూల్ పాప చుక్కల గౌను వేసుకుని 1960ల నుంచీ హోర్డింగు ఎక్కుతూనే ఉంది. సిల్వెస్టర్ డకున్హా ఆలోచన, యూస్టేస్ ఫెర్నాండెజ్ బొమ్మ. అరవై ఏళ్లు దగ్గర పడ్డా ముక్కు మొలవలేదు, గౌను పొట్టి కాలేదు, వెన్న తగ్గలేదు!

నిర్మా పౌడర్ పేరు ఎక్కడిదో మీకు తెలుసా? కర్సన్‌భాయ్ పటేల్ కూతురు నిరుపమ ముద్దుపేరు! ఆయన సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి అమ్మిన సరుకు అది. ప్రమాదంలో దూరమైన ఆ కూతురు తెల్లగౌనులో గిరగిరా తిరుగుతూ దేశానికంతటికీ గుర్తుండిపోయింది. ఇక్కడ జోకు లేదు. ఒక్క క్షణం ఆగుదాం.

ఆ నిర్మా దెబ్బకు బదులుగా 1980ల్లో సర్ఫ్ దింపిన ఆయుధం లలితాజీ! ఆమె గడుసుతనం ఎక్కడిదో తెలుసా? ప్రకటన తీయించిన అలీక్ పదమ్సీ వాళ్లమ్మది! ఎంత డబ్బున్నా కూరగాయల దగ్గర గీచి గీచి బేరమాడేదట. మా అమ్మను చూసి ఉంటే ప్రకటన రెండు గంటల సినిమా అయ్యేది!

ప్రపంచంలో తొలి టీవీ ప్రకటన 1941 జులై 1న న్యూయార్క్‌లో వచ్చింది. బులోవా గడియారానిది. ఖర్చు 9 డాలర్లు! మన దూరదర్శన్‌లో ప్రకటనలు 1976 జనవరి 1న మొదలయ్యాయి. నడుమ ఎన్నేళ్లు? వేళ్ల మీద లెక్కపెట్టండి... దాదాపు 35! చెప్పానా, వదలదని!

దూరదర్శన్ కన్ను గుర్తు గీసింది పెద్ద ఏజెన్సీ కాదు, అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థ విద్యార్థి దేవాశీష్ భట్టాచార్య. దేశమంతా ఆదివారం ఉదయం రామాయణానికి ముందు చూసింది ఓ కుర్రాడి క్లాసు పనినే! మీ పిల్లల డ్రాయింగు పుస్తకాలు తూకానికి వేసేముందు ఓసారి తిరగేయండి.

2009 ఐపీఎల్ ప్రకటనల్లో తెల్లగా, గుడ్డు తలతో కితకితలు పెట్టిన జూజూలు కంప్యూటర్ బొమ్మలనుకున్నారా? తప్పులో కాలేశారు! లోపల ఉన్నది నిజం మనుషులు. దక్షిణాఫ్రికాలో బొంత లాంటి తొడుగులు తొడిగి ఆడించారు. యానిమేషన్ లాగా కనపడేందుకు మనుషులు, మనుషుల్లా కనపడేందుకు యానిమేషన్... కలికాలం!

సత్యజిత్ రాయ్ మొదటి ఉద్యోగం ఏమిటో మీకు తెలుసా? 1943లో కలకత్తా ప్రకటనల ఏజెన్సీలో జూనియర్ విజువలైజర్. జీతం నెలకు 80 రూపాయలు! 'పథేర్ పాంచాలి' పిల్లల పుస్తకానికి బొమ్మలు గీస్తుంటేనే ఆ కథను సినిమా తీయాలనిపించింది. ఆఫీసు బయటి పనిలోనే ఆస్కార్ దాకా దారి ఉందన్నమాట. మేనేజర్‌గారూ, వింటున్నారా!

ఫెవికాల్, క్యాడ్‌బరీ ప్రకటనల పీయూష్ పాండే అంతకుముందు ఏం చేసేవారో తెలుసా? రాజస్థాన్ తరఫున రంజీ క్రికెట్ ఆడారు, టీ రుచి చూసే ఉద్యోగం కూడా చేశారు! బ్యాటు, టీ కప్పు, కలం... మూడూ పట్టినవాడికి ఫెవికాల్ అక్కర్లేకుండానే పేరు అతుక్కుపోయింది.

మన రూపాయి గుర్తు 2010 జులై 15న ఖాయమైంది. పోటీకి మూడు వేలకు పైగా డిజైన్లు వస్తే ఐఐటీ పట్టభద్రుడు ఉదయ్ కుమార్ గెలిచారు. బహుమతి రెండున్నర లక్షలు. రూపాయి గీసి రూపాయలు సంపాదించడం... జైలుకెళ్లకుండా!

మన గడపలో

తలనొప్పి మందును ఎక్కడ పంచితే బాగా అమ్ముడవుతుందో మీకు తెలుసా? సంగీత కచేరీల్లో! 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కచేరీలకు వచ్చినవాళ్లకు దాన్ని ఉచితంగా పంచేవారట. ఆ లాభాలతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. తలనొప్పి తీర్చిన డబ్బుతో పత్రిక! సంపాదకులకు అప్పట్నుంచే రెండో తలనొప్పి.

హైదరాబాద్ జిందా తిలిస్మాత్ సీసా మీది నల్లటి వీరుడు ఎవరో తెలుసా? నిజాం సైన్యంలోని ఆఫ్రికా సిద్దీ సైనికుల ఆనవాలు! 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేసిన మందు అది. వందేళ్లు దాటినా ఆ వీరుడి కండ కరగలేదు, మన జలుబు కుదరలేదు!

బాపుగారు లా చదివారని, జె. వాల్టర్ థామ్సన్ ప్రకటనల సంస్థలో పనిచేశారని మీకు తెలుసా? నల్లకోటు వేసుకుని ఉంటే బుడుగు గతి ఏమయ్యేది! ఆయన చేతిరాత చివరికి కంప్యూటర్ ఫాంటైంది. పెళ్లి శుభలేఖ ఆ అక్షరాల్లో లేకపోతే వియ్యంకుడికి ఏదో లోటు చేసినట్టే.

ఆ బాపుగారి తొలి సినిమా 'సాక్షి'తోనే పోస్టర్ల రంగంలోకి దిగిన పాలకొల్లు కళాకారుడు ఈశ్వర్. రెండు వేలకు పైగా సినిమాలకు పోస్టర్లు గీశారు. మనం థియేటర్లో చూసింది ఒక సినిమా, గోడ మీద ఉచితంగా చూసింది ఈయన సినిమా!

ఎకరానికి పైగా విస్తీర్ణంలో పోస్టరు చూశారా? 2015లో 'బాహుబలి' కోసం కొచ్చిలో పరిచారు: 4,793.65 చదరపు మీటర్లు! అప్పటికి అదే గిన్నిస్ రికార్డు. పట్టాదారు పాస్‌బుక్కు ఒక్కటే ఇవ్వలేదు.

సినిమా పోస్టరుకు ఆవు అభిమానం ఎందుకో మీకు తెలుసా? జిగురు మైదాది! తెల్లవారుజామున సైకిల్ హ్యాండిల్‌కు బకెట్, భుజాన నిచ్చెన. ఉడికించిన మైదాను చీపురుకట్టతో గోడకు పూసి, మడత విప్పి, హీరో కాళ్లు ముందు, తల తర్వాత అతికిస్తారు. పొద్దెక్కేసరికి ఆవు వచ్చి విలన్‌ను వదిలి హీరోను నాకేస్తుంది. అసలైన విమర్శకురాలు!

మా వీధి చివర బోర్డు ఆర్టిస్టు కిరాణా కొట్టు గోడ రాయడం చూశాను. సుద్దపొడి రాసిన దారాన్ని ఇద్దరు చెరో కొసా పట్టుకున్నారు. మధ్యలో లాగి వదిలితే టప్! గోడ మీద తిన్నటి తెల్ల గీత. కొట్టు పేరు ఏనుగంత రాశాడు. ఊరి పేరు గేదెంత. చోటు అయిపోవచ్చింది. 'ప్రొప్రయిటర్' చీమల బారైంది. యజమాని ఆ చీమల్లో తన పేరు వెతుక్కుంటున్నాడు!

అసలు తెలుగు రాసే ఆర్టిస్టుకు స్థలం ఎందుకు చాలదో తెలుసా? మన అక్షరం బహుళ అంతస్తుల భవనం! 'స్త్రీ' చూడండి: నెత్తిన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు. ఇంగ్లిష్ అక్షరం మెయిన్ రోడ్డు మీద దుకాణమైతే మనది పెంట్‌హౌసు, సెల్లారు సహా అపార్టుమెంటు.

సినిమా టైటిల్ అక్షరాలకూ కులగోత్రాలున్నాయి. దెయ్యం సినిమాకు దీర్ఘం నుంచి రక్తం కారాలి. పల్లెటూరి ప్రేమకథకు ఒత్తు తీగలా సాగి చివర పువ్వు పూయాలి. ఫ్యాక్షన్ కథ అయితే తలకట్టే వేటకొడవలి!

తొలి తెలుగు అచ్చు పుస్తకాలు ఎక్కడ పుట్టాయో మీకు తెలుసా? మద్రాసు కాదు, బందరు కాదు... జర్మనీలోని హాలే! 1746 ప్రాంతంలో బెంజమిన్ షుల్జ్ చలవ. మన ఒత్తులు చూసి ఆ జర్మన్ కంపోజిటరు ఏ దేవుణ్ని తలచుకున్నాడో!

మీ కంప్యూటర్‌లో భువనవిజయం కొలువై ఉందని తెలుసా? గూగుల్ ఫాంట్లలో శ్రీకృష్ణదేవరాయ ఉన్నాడు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ ఉన్నారు. విజయనగరంలో కలిసి చదువుకున్న గిడుగు, గురజాడ ఉన్నారు. ఇంకో ఫాంటు పేరు ఎన్టీఆర్! తెర మీద రాయల వేషం కట్టిన మనిషి రాయలవారితో ఒకే మెనూలో. ఇక డైలాగు ఒక్కటే బాకీ!

అక్షరాల తమాషా

డిజైనర్లు ఖాళీ నింపడానికి వాడే 'లోరెమ్ ఇప్సమ్' అర్థంలేని రాత కాదు. క్రీస్తుకు పూర్వం 45లో సిసెరో రాసిన తత్వశాస్త్రం! 'దొలోరెమ్'లో 'దొ' తెగిపోగా మిగిలిన మొండెమే 'లోరెమ్'. రెండు వేల ఏళ్ల వేదాంతం, చివరికి పాంప్లెట్‌లో ఫిల్లింగు!

కామిక్ సాన్స్ ఫాంటు ఎందుకు పుట్టిందో మీకు తెలుసా? కుక్క కోసం! 1994లో మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఓ కార్టూన్ కుక్క టైమ్స్ న్యూ రోమన్‌లో మాట్లాడటం చూసి విన్సెంట్ కొన్నేర్ తట్టుకోలేకపోయాడు. తీరా ఫాంటు ఆ కుక్కకు సమయానికి అందలేదు. మన అపార్టుమెంటు నోటీసు బోర్డుకు అందింది!

బోర్లా పడ్డవి, మళ్లీ లేచినవి

2009లో ట్రోపికానా జ్యూస్ డబ్బా రూపం మార్చారు. స్ట్రా గుచ్చిన నారింజ పండు మాయం. రెండు నెలల్లోపే అమ్మకాలు 20 శాతం పడిపోయాయి. పాత డబ్బా పరుగున వచ్చింది. ఆ ప్రచారానికి పెట్టిన ఖర్చు ఎంతో చెప్పుకోండి... మూడున్నర కోట్ల డాలర్లు! అంటే 35 మిలియన్లు. నైకీకి 35 పెడితే సామ్రాజ్యం, ఇక్కడ 35 పక్కన ఆరు సున్నాలు పెడితే గుండు సున్నా!

2010లో గ్యాప్ దుస్తుల కంపెనీ కొత్త లోగో ఎన్నాళ్లు బతికిందో తెలుసా? దాదాపు వారం! జనం తిట్టిన తిట్లకు పాతదే మళ్లీ వచ్చింది. మన చుట్టపుచూపు కూడా ఇంతకంటే ఎక్కువ రోజులుంటుంది.

ఇప్పటి ఫ్యాషన్ ఏమిటో మీకు తెలుసా? పాతదే! బర్గర్ కింగ్ 2021లో తన పాత కాలపు లోగో తరహాకు తిరిగొచ్చింది. 2018లో అక్షరాలు నున్నగా గొరిగించుకున్న బర్బెరీ 2023లో మళ్లీ కొసలు, గుర్రం మీది వీరుడు తెచ్చుకుంది. అదే ఏడాది పెప్సీ కూడా వెనక్కి చూసింది. అమ్మ పట్టుచీర బీరువాలోంచి తీసినట్టే!

పాంటోన్ సంస్థ ఏటా 'ఈ ఏటి రంగు' ప్రకటిస్తుంది. 2025కు ఎంచింది మోకా మూస్. అంటే కాఫీలో చాక్లెట్ కలిసిన గోధుమ రంగు. మన ఫిల్టర్ కాఫీ గ్లాసు అడుగున ఏళ్లుగా ఉన్న రంగే. వాళ్లను రాయల్టీ అడగాల్సింది!

ఆఖరి ప్రశ్న

ప్రపంచంలో అత్యధికంగా కరెక్షన్లు తిన్న తెలుగువాడి డిజైన్ ఏదో మీకు తెలుసా? ఊహించండి. మచిలీపట్నం దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారిది! జపాన్ భాష నేర్చి జపాన్ వెంకయ్య, పత్తి పరిశోధించి పత్తి వెంకయ్య, వజ్రాల గనుల మీద పనిచేసి డైమండ్ వెంకయ్య. పాల్ రాండ్ ఒకే ఒక్క డిజైన్ చూపించాడు కదా, వెంకయ్యగారు 1916లోనే ముప్పై జెండా నమూనాలతో పుస్తకం వేశారు!

1921లో బెజవాడలో గాంధీజీకి చూపించిన జెండాలో ఎరుపు, ఆకుపచ్చ. తెలుపు కలపమన్నారు, కలిసింది. చరఖా పెట్టమన్నారు, వచ్చింది. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది. 1947 జులై 22న చరఖా స్థానంలో అశోక చక్రం వచ్చి ఫైనల్ ప్రూఫ్ ఓకే అయింది. ఇరవై ఆరేళ్ల కరెక్షన్లు! బిల్లు? లేదు. షేర్లు? లేవు. వజ్రపుటుంగరం? డైమండ్ వెంకయ్యగారికే లేదు! 1963లో పేదరికంలోనే వెళ్లిపోయారు. తపాలా బిళ్ల 2009లో వచ్చింది.

ఇక నా బిల్లు. ఈ వ్యాసంలో తలకట్లు ఎన్నున్నాయో మొదటి నుంచి లెక్కపెట్టండి. ఒక్కోటి 35 డాలర్లు. అబ్బెబ్బే, నాకు కాదు! ముందు వెంకయ్యగారి బాకీ తీర్చండి. మిగిలితే చూద్దాం.